రాయల్ ఆస్కాట్ పందెపు అంచనాలు

రాయల్ ఆస్కాట్ ఇంగ్లండులోని బెర్క్‌షైర్ కౌంటీలో ఏటా జూన్ నెలలో జరిగే గుర్రప్పందాల ఉత్సవం. విండ్సర్ కోటకు సుమారు 10 కిలోమీటర్ల దూరంలోని ఆస్కాట్ రేసుకోర్సులో మంగళవారం నుంచి శనివారం దాకా అయిదు రోజులు, రోజుకు ఏడు చొప్పున 35 రేసులు నడుస్తాయి. గుర్రాలు కంచెలు, గోతులు దాటనక్కర లేకుండా పచ్చిక మీద పరుగెత్తే 'ఫ్లాట్' పందాల్లో బ్రిటన్‌లో ఇంతటి ప్రతిష్ఠ ఉన్న ఉత్సవం మరొకటి లేదు. ప్రతి రేసుకూ ముందు ఏ గుర్రానికి ఎంత అవకాశం ఉందో లెక్కగట్టి చెప్పడమే పందెపు అంచనా. వాడుకలో దీన్ని టిప్పు అనీ, చెప్పేవారిని టిప్‌స్టర్లనీ అంటారు.

ఈ అంచనాలో రెండు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. గుర్రం గెలిచే అవకాశం ఎంత? ఆ అవకాశానికి బుకీ, అంటే పందేలు తీసుకునే వ్యాపారి, ఇస్తున్న ధర గిట్టుబాటా? మొదటి ప్రశ్నకే జవాబు చెప్పి ఊరుకున్న టిప్పు తరచూ నిజమవుతూనే డబ్బు పోగొట్టవచ్చు. అంచనాల చరిత్ర చాలావరకు ఈ రెండో ప్రశ్నను జనం నెమ్మదిగా గుర్తించిన చరిత్ర.

చరిత్ర

ఆస్కాట్‌లో పందాలను ప్రారంభించింది ఆన్ రాణి. 1711 ఆగస్టు 11న జరిగిన తొలి పందెం బహుమతి 100 గినీలు. ఏడు గుర్రాలు పాల్గొన్నాయి. ఒక్కోటి 12 స్టోన్ల బరువు మోస్తూ నాలుగేసి మైళ్ల పరుగు మూడు విడతలు తీయవలసి వచ్చింది. నేటి రేసుల్లో చాలా భాగం ఒక మైలు, అంతకు లోపు దూరాలవే. ఉత్సవంలో ప్రధానమైన గోల్డ్ కప్ 1807లో మొదలైంది. రాజకుటుంబం గుర్రపు బగ్గీల్లో మైదానంలోకి ఊరేగి వచ్చే ఆచారం 1825లో నాలుగో జార్జి కాలంలో ఏర్పడింది. నాలుగు రోజుల ఉత్సవం 2002లో, రెండో ఎలిజబెత్ రాణి సింహాసనమెక్కి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా, అయిదు రోజులకు పెరిగింది.

మైదానాన్ని 2004లో మూసివేసి, స్టాండును, ట్రాకును కొత్తగా కట్టి 2006లో తెరిచారు. 2005 ఉత్సవం యార్క్‌లో జరిగింది. పాత ట్రాకు మీద పోగైన గణాంకాలు కొత్తదానికి సరిగ్గా వర్తించవు కాబట్టి విశ్లేషకులు 2006 తర్వాతి ఫలితాలకే ఎక్కువ విలువ ఇస్తారు.

రేసుల రకాలు, అంచనా తీరు

35 రేసులనూ ఒకే పద్ధతిలో అంచనా వేయడం కుదరదు. వాటిని స్థూలంగా మూడు తరగతులు చేయవచ్చు.

మొదటివి అత్యున్నత శ్రేణి అయిన గ్రూప్ 1 రేసులు. ఇవి ఎనిమిది. మంగళవారం క్వీన్ ఆన్ స్టేక్స్, కింగ్ చార్లెస్ స్టేక్స్, సెయింట్ జేమ్సెస్ ప్యాలెస్ స్టేక్స్. బుధవారం ప్రిన్స్ ఆఫ్ వేల్స్ స్టేక్స్. గురువారం గోల్డ్ కప్. శుక్రవారం కామన్వెల్త్ కప్, కొరొనేషన్ స్టేక్స్. శనివారం క్వీన్ ఎలిజబెత్ జూబిలీ స్టేక్స్. వీటిలో పరుగెత్తేవి పేరున్న గుర్రాలు. వాటి గత రేసులు అందరికీ తెలుసు. న్యూబరీలో మే నెలలో జరిగే లాకింజ్ స్టేక్స్ ఫలితం క్వీన్ ఆన్‌కు, న్యూమార్కెట్, కరా మైదానాల 2000 గినీస్ ఫలితాలు సెయింట్ జేమ్సెస్ ప్యాలెస్‌కు, శాండౌన్ హెన్రీ స్టేక్స్, యార్క్‌షైర్ కప్ ఫలితాలు గోల్డ్ కప్‌కు సూచికలు. ఫేవరెట్లు, అంటే గెలుస్తాయని జనం ఎక్కువగా నమ్మే గుర్రాలు, నిలబడే రేసులు ఎక్కువగా ఇవే.

రెండోవి హ్యాండిక్యాప్‌లు. ఇక్కడ మేటి గుర్రానికి ఎక్కువ బరువు, సామాన్యమైనదానికి తక్కువ బరువు కేటాయించి అన్నిటికీ సమానావకాశం కల్పించాలని చూస్తారు. 1843 నుంచి జరుగుతున్న రాయల్ హంట్ కప్ తిన్నని మైలు దూరం. 1813 నాటి వోకింగ్‌హామ్ స్టేక్స్ ఆరు ఫర్లాంగులు. బ్రిటానియా స్టేక్స్ మూడేళ్ల గుర్రాలకు. ఒక్కోదాంట్లో 30 దాకా గుర్రాలు దిగుతాయి. బరువులు కేటాయించే అధికారి గుర్రాలన్నిటినీ సమం చేయడానికి కూర్చున్న చోట టిప్‌స్టర్ ఆ సమానత్వంలో లోపం ఎక్కడుందో వెతకాలి. సత్తాను కొలిచే రేటింగు ఇంకా పట్టుకోని ఎదుగుదల ఉన్న గుర్రం, తక్కువ దూరాల్లో పరుగెత్తి ఇప్పుడు తనకు నప్పే దూరానికి వస్తున్న గుర్రం ఆ వెతుకులాటలో దొరికేవి.

మూడోవి రెండేళ్ల పిల్ల గుర్రాల రేసులు. 1890లో మొదలైన కవెంట్రీ స్టేక్స్, క్వీన్ మేరీ, నార్ఫోక్, చెషమ్ ఈ కోవలోవి. వీటిలో దిగే గుర్రాలు అంతకుముందు ఒకటి రెండుసార్లే పరుగెత్తి ఉంటాయి. ఫారం (గత రేసుల చిట్టా) దొరకని చోట తండ్రి గుర్రం సంతానం ఎంత త్వరగా పదునెక్కుతుంది, తల్లి గుర్రం ఏ దూరంలో గెలిచింది, శిక్షకుడు తన పిల్ల గుర్రాలను తొలి రేసుకే సిద్ధం చేస్తాడా అన్న సంగతుల మీద ఆధారపడాలి. ఉత్సవంలో పెద్ద సంచలనాలు ఇక్కడే పుట్టడానికి కారణం ఇదే.

అంచనాకు ఆధారాలు

ఫారం: గుర్రం గత రేసుల చిట్టా. గెలిచిందా ఓడిందా అన్నదానికంటే ఏ శ్రేణిలో, ఏ దూరంలో, ఎవరి మీద, ఎన్ని లెంగ్త్‌ల (గుర్రం పొడవుల) తేడాతో అన్నది ముఖ్యం. మంచి రేసులో నాలుగో స్థానం చిన్న రేసులో గెలుపు కంటే బలమైన సాక్ష్యం కావచ్చు.

రేటింగు: గుర్రాల సత్తాను పౌండ్ల బరువులో కొలిచే అంకె. అయిదు ఫర్లాంగుల రేసులో ఒక లెంగ్త్ తేడాను సుమారు 3 పౌండ్ల బరువుకు సమానంగా లెక్కిస్తారు. దూరం పెరిగేకొద్దీ ఆ లెక్క తగ్గుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో అడ్మిరల్ రౌస్ రూపొందించిన వయసు-బరువు పట్టిక నేటి పద్ధతికి మూలం. అధికారిక రేటింగులను బ్రిటిష్ హార్స్‌రేసింగ్ అథారిటీ ప్రకటిస్తుంది. యార్క్‌షైర్‌లోని హాలిఫాక్స్‌లో ఫిల్ బుల్ 1948లో స్థాపించిన టైమ్‌ఫారం సంస్థ సొంత రేటింగులు ఇస్తుంది. దాని చరిత్రలో అత్యధిక రేటింగు ఫ్రాంకెల్‌కు దక్కిన 147. అంతకుముందు ఆ స్థానం 145తో సీబర్డ్‌ది.

నేల: వానను బట్టి, నీళ్లు పట్టడాన్ని బట్టి పచ్చిక గట్టిగానో మెత్తగానో మారుతుంది. ఫర్మ్, గుడ్ టు ఫర్మ్, గుడ్, గుడ్ టు సాఫ్ట్, సాఫ్ట్, హెవీ అని దీన్ని వర్గీకరిస్తారు. 'గోయింగ్‌స్టిక్' అనే పరికరాన్ని నేలలోకి దించి కాఠిన్యాన్ని అంకెల్లో కూడా కొలుస్తారు. గట్టి నేల మీద మెరుపులా పోయే గుర్రం బురదలో చతికిలబడవచ్చు. ఉత్సవం మధ్యలో ఒక జడివాన కురిస్తే అప్పటిదాకా రాసిపెట్టుకున్న టిప్పుల్లో సగం పనికిరాకుండా పోతాయి.

గేటు సంఖ్య: గుర్రం ఏ గేటు నుంచి బయల్దేరుతుందో ఆ సంఖ్య. ఆస్కాట్ తిన్నని ట్రాకులో పెద్ద సంఖ్యల గేట్లు స్టాండు వైపు, చిన్నవి అవతలి వైపు ఉంటాయి. 30 గుర్రాలు దిగినప్పుడు మంద రెండుగా చీలి చెరో కంచె పక్కన పరుగెత్తడం మామూలు. అటువంటప్పుడు వేగంగా ముందుకు దూకే గుర్రాలు ఏ వైపు ఎక్కువున్నాయో ఆ వైపు గుంపుకు ఊపు వస్తుంది. ఏ వైపు లాభమన్నది ఏడాదికేడాదికి, ఒక్కోసారి రోజురోజుకూ మారుతుంది. మొదటి రోజు రేసులు చూశాకే మిగతా రోజుల అంచనా ఖరారు చేసే విశ్లేషకులు అందుకే ఉన్నారు.

ట్రాకు ఆకృతి: వంపు ట్రాకు కుడిచేతి వాటంగా తిరిగే త్రికోణం. స్విన్లీ బాటమ్ అనే పల్లం నుంచి గమ్యం దాకా ఎగువకు పోవాలి. ఆఖరి తిన్నని భాగం రెండున్నర ఫర్లాంగులే. వెనక చిక్కుకున్న గుర్రానికి దారి దొరికేలోపు రేసు అయిపోవచ్చు. సుమారు 4 కిలోమీటర్ల గోల్డ్ కప్‌లో ఈ ఎగువ దారి దమ్ము లేని గుర్రాలను వడగట్టేస్తుంది.

జాకీ, శిక్షకుడు: లెస్టర్ పిగ్గట్ ఈ ఉత్సవంలో 116 రేసులు గెలిచాడు. ఏ జాకీ దాన్ని అందుకోలేదు. శిక్షకుల్లో సర్ మైకేల్ స్టౌట్ పేరిట ఉన్న 82 గెలుపుల రికార్డును ఐర్లండ్‌కు చెందిన ఏడన్ ఓబ్రయన్ 2023లో దాటాడు. అయితే పెద్ద పేర్ల గుర్రాల మీద జనం ఎలాగూ ఎగబడతారు. వాటి ధర అవకాశానికి తగ్గట్టు కాకుండా అంతకంటే తక్కువకు పడిపోతుంది.

విదేశీ గుర్రాలు: అంచనాకు ఇదొక చిక్కు. అమెరికా మట్టి ట్రాకుల సమయాలనూ ఆస్ట్రేలియా పచ్చిక ఫలితాలనూ ఇంగ్లండు రేటింగులతో ఎలా పోల్చాలన్నది తేలని విషయం. 2003లో ఆస్ట్రేలియా గుర్రం షుయాజీర్ ఒకే వారంలో రెండు పెద్ద స్ప్రింట్ రేసులు గెలిచింది. 2009లో వెస్లీ వార్డ్ శిక్షణలోని స్ట్రైక్ ద టైగర్ 33/1 (పౌండుకు 33 పౌండ్ల లాభం) ధరకు గెలవడంతో అమెరికాలో స్థిరపడిన శిక్షకుడికి ఇక్కడ తొలి విజయం దక్కింది. ఆ తర్వాత వార్డ్ గుర్రాలకు అంతటి ధర దొరకడం అరుదైంది. ఒక తెలివిడి అందరికీ తెలిశాక దాని విలువ ధరలో కలిసిపోతుంది.

ధర చెప్పే అంచనా

బుకీ పలికే ధర కూడా ఒక అంచనాయే. 5/1 అంటే ఒక పౌండుకు అయిదు పౌండ్ల లాభం. అది 6లో 1, అంటే 16.7 శాతం అవకాశాన్ని సూచిస్తుంది. రేసులోని అన్ని గుర్రాల శాతాలనూ కూడితే 100 రావాలి గాని ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. సరిసమానమైన అయిదు గుర్రాలున్న రేసులో న్యాయమైన ధర 4/1. బుకీ అన్నిటికీ 7/2 ఇస్తే ఒక్కో గుర్రానికి 22.2 శాతం చొప్పున మొత్తం 111 శాతం అవుతుంది. పైనున్న 11 శాతం బుకీ మార్జిన్.

ఒక గుర్రానికి 15 శాతం అవకాశం ఉందని టిప్‌స్టర్ సరిగ్గా లెక్కగట్టాడనుకుందాం. ధర 8/1 అయితే సగటున ప్రతి 100 పౌండ్ల పందేనికీ 35 పౌండ్లు మిగులుతాయి. అదే రేసులో 50 శాతం అవకాశమున్న ఫేవరెట్‌కు 4/6 ధర మాత్రమే ఉంటే సగటున 17 పౌండ్ల దాకా పోతాయి. మొదటి గుర్రం ఏడింట ఆరుసార్లు ఓడుతుంది, అయినా అది మంచి పందెం. రెండోది సగంసార్లు గెలుస్తుంది, అయినా చెడ్డ పందెం.

పందెం కాసే మార్గాలు కూడా అంచనాను ప్రభావితం చేస్తాయి. మైదానంలోని బుకీలు కాక, 1928 చట్టంతో బ్రిటన్‌లో వచ్చిన టోట్ పద్ధతిలో అందరి పందేలనూ ఒక్క నిధిలో వేసి, కోత పోను విజేతలకు పంచుతారు. 1961 మేలో వీధుల్లో పందెపు దుకాణాలకు చట్టబద్ధత వచ్చింది. 2000లో మొదలైన బెట్‌ఫెయిర్ ఎక్స్‌చేంజ్‌లో జనమే ఒకరితో ఒకరు పందెం కాసుకుంటారు, గుర్రం ఓడుతుందని కూడా కాయవచ్చు. 2019 రాయల్ ఆస్కాట్ నుంచి హాంకాంగ్ జాకీ క్లబ్‌తో కలిసి 'వరల్డ్ పూల్' అనే ఉమ్మడి నిధి నడుస్తోంది. ఇన్ని వేల మంది డబ్బుతో తేలిన చివరి ధరను మించి నిలకడగా అంచనా వేయడం చాలా కష్టమని పరిశోధకులు పదే పదే గమనించారు.

మార్కెట్‌కు ఒక పాత బలహీనత ఉంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ గ్రిఫిత్ 1949లో చూపినట్టు, జనం గెలుపు దూరంగా ఉన్న గుర్రాలకు అతిగా విలువ కట్టి, ఫేవరెట్లను తక్కువ చేస్తారు. 100/1 గుర్రం మీద పెట్టిన డబ్బు 2/1 గుర్రం మీద పెట్టినదానికంటే సగటున చాలా వేగంగా కరుగుతుంది. ఫ్లాట్ రేసుల్లో ఫేవరెట్లు స్థూలంగా మూడింట ఒక వంతు గెలుస్తాయి. అయినా కళ్లు మూసుకుని ప్రతి ఫేవరెట్ మీదా కాస్తే బుకీ మార్జిన్ మింగేస్తుంది.

టిప్‌స్టర్లు, పత్రికలు, గణిత నమూనాలు

1859లో పుట్టిన స్పోర్టింగ్ లైఫ్ పత్రిక 1998 దాకా అచ్చులో నడిచింది. 1986లో వచ్చిన రేసింగ్ పోస్ట్ నేడు ప్రధాన దినపత్రిక. పత్రికల టిప్‌స్టర్లు రోజుకు ఒక్క గుర్రాన్ని అత్యంత నమ్మకమైన ఎంపికగా ప్రకటిస్తారు. దాన్ని 'న్యాప్' అంటారు. వారి లాభనష్టాలను పోల్చే పట్టికలు కూడా అచ్చవుతాయి. మైదానాల్లో తిరిగి టిప్పులు అమ్ముకునేవారిలో పేరు మోసినవాడు రాస్ ప్రిన్స్ మోనొలూలూ. నెత్తిన రంగురంగుల ఈకలతో, అబిసీనియా రాకుమారుణ్నని చెప్పుకుంటూ తిరిగిన ఆయన 1965లో మరణించాడు.

గణిత మార్గం ఆలస్యంగా బలపడింది. పందెంలో ఎంత పెట్టాలన్నదానికి బెల్ ల్యాబ్స్‌కు చెందిన జాన్ కెల్లీ 1956లో సూత్రం ఇచ్చాడు. పైన చెప్పిన 15 శాతం, 8/1 ఉదాహరణకు ఆ సూత్రం చేతిలోని సొమ్ములో 4.4 శాతం మించవద్దంటుంది. 1986లో బోల్టన్, చాప్‌మన్ అనే పరిశోధకులు గుర్రాల గుణాలనుంచి గెలుపు సంభావ్యతను రాబట్టే గణాంక నమూనాను ప్రచురించారు. హాంకాంగ్‌లో విలియం బెంటర్ ఆ దారినే విస్తరించి, 1994లో తన పద్ధతిని వివరిస్తూ పత్రం రాశాడు. అందులోని కీలకం: నమూనా లెక్కను మార్కెట్ ధరతో కలిపినప్పుడే ఫలితం మెరుగు. ఒంటరిగా ఏదీ చాలదు. అయితే ఆయనకు హాంకాంగ్‌లో అవే గుర్రాలు రెండు మైదానాల్లో మళ్లీ మళ్లీ తలపడే సౌలభ్యం ఉంది. ఆస్కాట్‌లో నాలుగు ఖండాల గుర్రాలు తొలిసారి కలుస్తాయి.

ఫలించినవి, తప్పినవి

2012 క్వీన్ ఆన్‌లో ఫ్రాంకెల్ ధర 1/10. అది 11 లెంగ్త్‌ల తేడాతో గెలిచింది. 14 రేసుల జీవితంలో ఓటమి ఎరగలేదు. అంచనా నూరుపాళ్లు నిజం, కాని 100 పౌండ్లు పెట్టినవారికి వచ్చిన లాభం 10 పౌండ్లే. అదే వారం ఆస్ట్రేలియా నుంచి 21 వరుస గెలుపులతో వచ్చిన బ్లాక్ కేవియర్ 1/6 ధరకు దిగింది. ఆఖరి అడుగుల్లో జాకీ పట్టు సడలించడంతో తలకాయ తేడాతో బయటపడింది.

మరో కొసన, 2020 కవెంట్రీ స్టేక్స్‌లో నాండో పరాడో 150/1కి గెలిచింది. కోవిడ్ వల్ల ఆ ఏడాది బ్రిటన్‌లో పందాలు జూన్ 1న గాని తిరిగి మొదలు కాలేదు. పిల్ల గుర్రాలను ముందు చూసే వీలు దాదాపు లేదు. అప్పటిదాకా ఉత్సవ చరిత్రలో అంతటి ధరకు గెలిచిన గుర్రం లేదు. 2023లో నార్ఫోక్ స్టేక్స్‌లో వేలియంట్ ఫోర్స్ అదే ధరకు గెలిచి ఆ రికార్డును సమం చేసింది. రెండూ రెండేళ్ల పిల్లల రేసులే.

జనం డబ్బు ధరను ఎంత వంచగలదో చూపింది రాయల్ ఉత్సవం కాని, అదే మైదానంలో 1996 సెప్టెంబరు 28న జరిగిన పందాలు. ఫ్రాంకీ డెటోరీ ఆ రోజు ఏడు రేసులూ గెలిచాడు. ఏడింటినీ కలిపి ముందే కాసినవారికి ధర 25,051/1. ఆఖరి గుర్రం ఫుజియామా క్రెస్ట్ ఉదయం 12/1 ఉండగా రేసు వేళకు 2/1కి పడిపోయింది. ఆ మధ్యలో గుర్రం ఏమీ మారలేదు, బుకీల భయం పెరిగింది. 2019 రాయల్ ఆస్కాట్ గురువారం డెటోరీ మొదటి నాలుగు రేసులు గెలిచినప్పుడు ఆ భయం తిరిగొచ్చింది గాని అయిదో రేసులో అతని గుర్రం రెండో స్థానంతో సరిపెట్టుకుంది.

పందేలు గుర్రాలతోనే ఆగలేదు. రెండో ఎలిజబెత్ రాణి ఊరేగింపుకు ఏ రంగు టోపీ పెట్టుకుంటుందన్నదాని మీద కూడా బుకీలు ధరలు ప్రకటించేవారు. ఆమె సొంత గుర్రం ఎస్టిమేట్ 2013లో గోల్డ్ కప్ గెలిచింది.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

బ్రిటిష్ రేసుల పద్ధతే ఇక్కడి క్లబ్బులకూ వచ్చింది. హైదరాబాద్‌లో 1868లో మౌలాలీలో మొదలైన పందాలను ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1886లో మలక్‌పేటకు మార్చాడు. హైదరాబాద్ రేస్ క్లబ్ ఏటా అక్టోబరు 2న నిర్వహించే దక్కన్ డర్బీ పేరున్న పందెం. హ్యాండిక్యాప్ రేటింగు, గేటు సంఖ్య, ఫారం పుస్తకం, టోట్, బుకీలు అన్నీ అక్కడా ఉన్నాయి. గుర్రప్పందెం అదృష్టం మీదకంటే నైపుణ్యం మీద ఎక్కువ ఆధారపడిన ఆట అని 1996లో కె.ఆర్. లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు క్లబ్బుల మైదానాల్లోని పందేలకు దన్ను. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల సంగతి వేరు. వాటిపై తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి నిషేధం తెచ్చాయి. 2025లో పార్లమెంటు చేసిన చట్టం ఆన్‌లైన్ డబ్బు ఆటలను, వాటి ప్రకటనలను దేశమంతటా నిషేధించింది.

విమర్శ

టిప్‌స్టర్ల ప్రకటనల్లో 'గత ఉత్సవంలో ఇంత లాభం' అన్న మాట తరచూ కనబడుతుంది. దానికి సాక్ష్యంగా ఉన్న బలం స్వల్పం. ఏ నైపుణ్యమూ లేని ఒక మనిషి 35 రేసుల్లోనూ 8/1 గుర్రాలనే ఎంచాడనీ, ఆ ధర న్యాయమైనదేననీ అనుకుందాం. సగటున నాలుగు దాకా గెలుస్తాయి. కాని కేవలం అదృష్టం వల్లే రెండు నుంచి ఆరు దాకా అటూ ఇటూ కావడం మామూలు. ఆరు గెలిస్తే పెట్టుబడి మీద 54 శాతం లాభం, రెండే గెలిస్తే 49 శాతం నష్టం. రెండు ఫలితాల వెనకా ఉన్నది ఒకే విద్య. వందలమంది టిప్పులు చెబుతుంటే వారిలో కొందరు ఏ వారంలోనైనా మేధావుల్లా కనిపించక తప్పదు, మరుసటి ఏడాది ప్రకటనల్లో మిగిలేదీ వారే.

అందువల్ల అంచనాను తూచడానికి నిపుణులు రెండు కొలతలు వాడతారు. ఒకటి, వందల వేల ఎంపికల మీద లాభనష్టాల నమోదు. రెండు, టిప్పు ఇచ్చినప్పటి ధర రేసు ఆరంభపు ధరకంటే నిలకడగా మెరుగ్గా ఉందా అన్నది. రెండోది తొందరగా తేలుతుంది, ఎందుకంటే అది గుర్రం గెలుపోటముల మీద కాక మార్కెట్‌తో పోటీ మీద ఆధారపడుతుంది. ఈ రెండు లెక్కలూ చూపలేని టిప్పు వినోదమే తప్ప సలహా కాదు. ఉత్సవంలో డబ్బు పోగొట్టుకునేవారే అధికం. బ్రిటన్‌లో 2005 గ్యాంబ్లింగ్ చట్టం కింద ఏర్పడిన కమిషన్ పందెపు సంస్థలను నియంత్రిస్తుంది. 18 ఏళ్ల లోపువారి నుంచి అవి పందేలు తీసుకోకూడదు. పందెం కాసేవారు తమకు తామే హద్దు విధించుకునే ఏర్పాట్లు కూడా ఆ సంస్థలు కల్పించాలి.